గాజుతొట్టిలో పళ్ళత్తి కాపురము

చేపను చూచుట వేఱు, చేపను పెంచుట వేఱు. చూచుటకు కన్నులు చాలును. పెంచుటకు కొంత శాస్త్రమును, అంతకు మించి ఓరిమియు కావలెను. ఈ భేదము తెలియకపోవుటచేతనే మన ఇండ్లలోను, బడులలోను ఎన్నియో గాజుతొట్లు వేడుకతో నిండి, నెల తిరుగకమునుపే ఖాళీయగుచున్నవి.

బడి సంగతియే చూడుడు. వార్షికోత్సవము దగ్గఱపడును. విజ్ఞానశాస్త్రపు గదికి శోభగా నుండునని ఒక గాజుతొట్టి తెప్పింతురు. ఉదయమున నీరు పోయుదురు. సాయంకాలమునకు చేపలు వచ్చును. పిల్లలు మూగుదురు. ఒకడు బిస్కత్తు నలిపి వేయును, ఒకతె బొరుగులు చల్లును, చేప నోరు తెఱచినప్పుడెల్ల దానికి ఆకలియని తలచి మఱొకడు ఇంకొంత వేయును. నాలుగవనాటికి నీరు కలి పోసినట్లు తెల్లనగును. అది చూచి కలతపడిన ఉపాధ్యాయుడు తొట్టిని తోమించి, ఇసుకను కడిగించి, కొళాయినుండి క్రొత్తనీరు నింపించును. ఇప్పుడు నీరు స్ఫటికమువలె నుండును. మఱునాటి ఉదయమున చేపలు వెల్లకిల తేలియుండును. అంగడివాడు జబ్బుచేపల నమ్మెనని కొందఱందురు. ఎవరి దిష్టియో తగిలినదని కొందఱందురు. తొట్టి అటక ఎక్కును.

ఈ కథలో దుర్మార్గుడెవ్వడును లేడు. బిస్కత్తు వేసిన బాలుడును, తొట్టి తోమించిన ఉపాధ్యాయుడును చేపల మేలు కోరినవారే. అయినను చేపలను చంపినవి బిస్కత్తును, ఆ తోముటయును. ఎట్లు చంపినవో ముందు తెలియగలదు. దానికి మునుపు ఏ చేపను తేవలెనన్న ప్రశ్న యొకటి యున్నది.

అంగడికి పోయిన వారందఱు సాధారణముగా అడుగునది "పోట్లాడని చేప"ను. అడిగినవారికి సిక్లిడ్ కుటుంబపు చేపను చూపినచో, తెలిసినవారు తల అడ్డముగా త్రిప్పుదురు. ఆ కుటుంబమునకు కోపిష్ఠి యన్న పేరు స్థిరపడిపోయినది. సిక్లిడ్‌ల కుటుంబము చేపలలో మిక్కిలి పెద్దవానిలో నొకటి. శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేర్లు పెట్టిన జాతులే 1,700లకు మించియున్నవి. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా, విక్టోరియా సరస్సులు వీనికి పుట్టిళ్లు. దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నదులు మఱొక పుట్టిల్లు. మన అంగళ్లలో తెరచాపవలె నిక్కి తిరుగు ఏంజెల్ చేపయు, మూరలో సగము పెరిగి తోటివానిని మ్రింగు ఆస్కారు చేపయు, విస్తరిలోనికి వచ్చిన తిలాపియాయు ఈ ఇంటివే. ఇవి తక్కిన చేపలవలె గ్రుడ్లు చల్లి తమ దారిని తాము పోవునవి కావు. గ్రుడ్లను కాచును, పిల్లలను సాకును. కాచుకొనువానికి చోటు కావలెను. చోటుకొఱకు పోరు తప్పదు. వీని వాత్సల్యమునకును, వీని కోపమునకును వేరు ఒక్కటియే.

కనుక "ఈ చేప శాంతమైనదా?" అను ప్రశ్న సగము ప్రశ్న మాత్రమే. ఎంత నీటిలో, ఎవరితో, ఏ దశలో అని అడిగినగాని అది పూర్తికాదు. ఈ విషయమును బోధించుటకు తగిన చేప యొకటి దూరదేశములనుండి రానక్కఱలేకుండ దక్షిణభారతముననే యున్నది. అదియే నారింజ క్రోమైడ్. మలయాళమున దానిని పళ్ళత్తి యందురు.

భారతదేశమునకు స్వంతమైన సిక్లిడ్‌లు మూడే జాతులు. అందు పెద్దది పచ్చ క్రోమైడ్. అదియే కేరళీయులు ప్రాణముగా చూచుకొను కరిమీను. 2010లో ఆ రాష్ట్రమువారు దానిని తమ రాష్ట్రమత్స్యముగా ప్రకటించిరి. ఆంధ్ర, తమిళనాడుల పొలిమేరనున్న పులికాట్ సరస్సులోను ఇది కలదు. రెండవది దక్షిణ కన్నడ ప్రాంతపు నదులకే పరిమితమైన అరుదైన జాతి. మూడవది మన పళ్ళత్తి. కేరళపు కాయలలోను, దక్షిణదేశపు తీరమునందలి వాగులలోను, సింహళములోను ఉప్పునీరు మంచినీరు కలియుచోట్ల ఇది కాపురముండును. బెర్లిను నగరపు వైద్యుడు మార్కస్ బ్లాక్ 1790లో కరిమీనును, 1795లో పళ్ళత్తిని గ్రంథస్థము చేసెను. రెంటిని ఆయన పగడపుదిబ్బల సీతాకోకచేపల జాతిలో చేర్చెను. బల్లపరుపు శరీరమును చూచి అట్లనుకొని యుండవచ్చును. కరిమీనుకు సూరత్ పేరు తగిలించినదియు ఆయనయే. కేరళమున దానిని మిరియములు పట్టించి అరటియాకులో చుట్టి కాల్చు వంటవానికి ఆ పేరు చెప్పినచో నవ్వును.

ఈ చేపల దగ్గఱ చుట్టములు మన దేశమున లేవు, ఆఫ్రికా ఖండమునను లేవు. మడగాస్కరు ద్వీపమున నున్నవి. సుమారు తొమ్మిదికోట్ల సంవత్సరములకు పూర్వము భారతభూఖండము మడగాస్కరునుండి విడిపోయినప్పుడే ఈ కుటుంబమును రెండుగా చీలినదని కొందఱి మతము. అణుజీవశాస్త్రపు లెక్కలు చీలిక అంత పాతది కాదనియు, ఈ చేపలు తరువాతి కాలమున సముద్రమును దాటియుండవలెననియు మఱికొందఱి మతము. వాదము ఇంకను తెగలేదు. ఉప్పునీటికి వెఱవని చేప గనుక రెండవ పక్షమునకును బలము లేకపోలేదు. భూగోళమును, జీవశాస్త్రమును వేఱువేఱు గంటలలో చెప్పు బడులలో ఈ చేప రెండు గంటలకును పనికివచ్చును.

పళ్ళత్తి సామాన్యముగా ఎనిమిది సెంటీమీటర్ల వఱకు పెరుగును. గప్పీవలె చిన్నది కాదు, ఆస్కారువలె పెద్దది కాదు. అరచేతిలో ఇముడు మధ్యరకము. శరీరము రెండువైపుల నొక్కినట్లు బల్లపరుపుగా, రూపాయబిళ్ళను సాగదీసినట్లు నిడుపుగుండ్రముగా నుండును. పసుపు మేనిపై ఎఱ్ఱని చుక్కలు వరుసలు తీరి యుండును. ప్రక్కల నడుమ నల్లని మచ్చ యుండును. అంగళ్లలో దొరకు మిసిమి బంగారువన్నె చేపలు తొట్లలో ఏరి పెంచిన వంగడము. వానికి ఆ మచ్చ సరిగా కనబడదు. ఆడ, మగ గుఱుతుపట్టుట అనుభవజ్ఞులకే కష్టము.

దీనికి మఱొక విశేషము కలదు. దీని గాలితిత్తి ముందుకు సాగి రెండు కొమ్మలై లోపలిచెవిని తాకును. నీటిలోని కంపములు ఆ తిత్తి ద్వారా చెవికి చేఱును గనుక దీనికి వినికిడి యెక్కువ. చేప కదలలేదని గాజుపై వ్రేలితో టకటక తట్టు అలవాటు పిల్లలకే కాదు, పెద్దలకును కలదు. ఆ తట్టు పళ్ళత్తికి ఎట్లు వినబడునో ఊహించినవాడు మఱల తట్టడు.

ఇక చోటు. తొంబది సెంటీమీటర్ల పొడవు, నలుబది వెడల్పు, నలుబది ఎత్తు గల తొట్టి ఆఱు చేపలకు సరిపోవును. లెక్క కట్టిన అది 1,44,000 ఘనసెంటీమీటర్లు, అనగా 144 లీటర్లు. పూర్తిగా నింపినచో నీటి బరువే 144 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు వేఱు. వంకరకాళ్ల బల్లమీద దీనిని నిలుపుట ప్రమాదము. ఐదవ తరగతి పిల్లలు ఈ లెక్క చేయగలరు. చేయించినచో బల్లను ఎన్నుకొనుటలో వారి మాట చెల్లును.

నీటి విషయమున ఈ చేప కోరునది చాలమంది అనుకొనుదానికి విరుద్ధము. తొట్టిచేపలకు మెత్తని నీరు మేలని ఒక నమ్మకము కలదు. అది అమెజాను చేపలకు తగినమాట. పళ్ళత్తికి గట్టినీరు మేలు. క్షారగుణము కొంచెముగా నున్న బావినీరు, సున్నపురాయి కలిసిన ఇసుక దీనికి సుఖము. లీటరుకు రెండు గ్రాముల వంతున కల్లుప్పు కలిపినచో ఇంకను మంచిది. పైని చెప్పిన తొట్టికి అది 288 గ్రాములగును. మెత్తని పులుసునీటిలో దీనికి బూజు పట్టి రెక్కలు చివుకును. ఉప్పు విషయమున ఒక మెలకువ వలయును. ఎండకు నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీటికి ఉప్పునీరు పోయుచు పోయినచో నెల తిరుగునప్పటికి తొట్టి సముద్రమగును. ఆవిరియైన నీటికి మంచినీరే పోయవలెను. తోడి పాఱబోసిన నీటికి మాత్రమే ఉప్పు కలిపిన నీరు పోయవలెను. ఈ రెంటి భేదమును పిల్లలచేత చెప్పించి చూచినచో పాఠము ఎంతవఱకు ఎక్కినదో తెలియును.

మన వేసవిలో వెచ్చదనమునకు యంత్రము అక్కఱలేదు. భయము వేడివలననే. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. వేడి హెచ్చినకొలది చేపకు ఊపిరి ఎక్కువ కావలెను, నీటిలో ఊపిరి తక్కువగును. మే నెల మధ్యాహ్నమున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో అది ఆకలి కాదు. అప్పుడు మేత వేయుట, దప్పికగొన్నవానికి అప్పడము పెట్టుట వంటిది. గాలిబుడగల యంత్రమును హెచ్చించి, మూతను కొంచెము తెఱచి, కిటికీ ఎండ తొట్టిపై పడకుండ తెర కట్టవలెను.

ఇప్పుడు ఆ బడితొట్టిలోని హత్య సంగతి.

చేప తిన్న మాంసకృత్తుల మలినము అమోనియాగా దాని మొప్పలనుండి నిరంతరము నీటిలోనికి దిగును. తినక మిగిలి కుళ్లిన మేతయు అమోనియాయే యగును. ఇది విషము. నది పెద్దది గనుక అక్కడ పలుచనై పోవును. తొట్టిలో ఎక్కడికి పోవును? ప్రకృతి దీనికి ఒక ఏర్పాటు చేసినది. కంటికి కనబడని ఒక జాతి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మఱొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు కొంతవఱకు హాని చేయదు. నాచులు, మొక్కలు దానిని ఆహారముగా గ్రహించును. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ జీవుల పనిని నేలలో కనుగొనెను. రెండు పనులు రెండు జాతులే చేయునని నూఱేండ్లకు పైగా పుస్తకములలో వ్రాయుచు వచ్చిరి. రెండును ఒంటరిగా చేయగల జీవులున్నవని 2015లో తేలినది. అందొకదానిని చేపలు పెంచు నీటి వడపోతలోనే కనుగొనిరి.

ఈ జీవులు నీటిలో తేలియాడవు. ఇసుకరేణువులకు, రాళ్లకు, ముఖ్యముగా ఫిల్టరులోని స్పంజికి అంటుకొని కాపురముండును. క్రొత్త తొట్టిలో వీని సంతతి వృద్ధియగుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. నీరు పోసిన సాయంకాలముననే చేపలను వదలిన బడిలో ఈ సంతతి ఇంకను పుట్టలేదు. బిస్కత్తు కుళ్లి నీరు తెల్లబాఱెను. తొట్టిని తోమినప్పుడు అప్పుడప్పుడే అంటుకొనుచున్న నాలుగు జీవులును కడుగునీటితో పోయెను. కొళాయినీటిలోని క్లోరిన్ మిగిలినవానిని చంపి, చేపల మొప్పలను కాల్చెను. నీరు స్ఫటికమువలె నున్నమాట నిజమే. విషమునకు రంగు లేదు.

క్షారనీటిని కోరు పళ్ళత్తి విషయమున ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. పీహెచ్ ఏడు నుండి ఎనిమిదికి పెరిగినచో, అమోనియాలో విషరూపమున నుండు పాలు సుమారు పదిరెట్లు పెరుగును. కనుక తొట్టిని ముందు నెలరోజులు చేపలు లేకుండ నడపవలెను. చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చినచో సూక్ష్మజీవులకు అదియే విందు. ఆరోగ్యముగా నున్న మఱొక తొట్టినుండి పాత స్పంజి ముక్క తెచ్చి వేసినచో కాలము కలిసివచ్చును. అమోనియాను, నైట్రైటును రంగుచుక్కలతో కొలుచు పరీక్షసామగ్రి అంగళ్లలో దొరకును. దినమొక పర్యాయము కొలిచి గళ్లకాగితముమీద గీసినచో, అమోనియా గీత ఎక్కి దిగుటయు, దాని వెనుక నైట్రైటు గీత ఎక్కి దిగుటయు, తుదకు నైట్రేటు గీత మెల్లగా లేచుటయు కనబడును. చేపలు లేని తొట్టిని నెలదినములు చూచుచు కూర్చుండుట పిల్లలకు కష్టము. ఆ గీతలు ఆ కష్టమును చాలవఱకు తీర్చును.

రెండు విషపు గీతలును సున్నకు దిగినపిమ్మట చేపలు రావచ్చును. అటుపిమ్మట వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చిన చాలును. ఆ క్రొత్తనీటిని ఒక దినము వెడల్పుపాత్రలో నిలువయుంచినచో క్లోరిన్ పోవును. స్పంజిని కొళాయిక్రింద పెట్టరాదు. తోడిన పాతనీటిలోనే పిండవలెను. మేత రెండు పూటలు, రెండు నిమిషములలో తీఱునంత. పళ్ళత్తి నాచును, పురుగులను రెంటిని తినును. దోమపిల్లలు దానికి పండుగ. ఉడికించిన పాలకూర నిత్యభోజనము. వారమునకొక ఉపవాసము మేలు చేయును. ఏకాదశి తప్పని ఇండ్లలో ఈ నియమము వెంటనే అమలగునని ఆశింపవచ్చును.

ఇక శాంతము సంగతి. ఆఱు చిన్నచేపలను ఒక్కసారిగా తెచ్చి వదలినచో, మొదట అవి గుంపుగా తిరుగును. మోలీల వంటి తోటిచేపల జోలికి పోవు. రెండే చేపలను చిన్నతొట్టిలో వేసినచో మాత్రము, బలమైనది బలహీనమైనదానిని ఒక మూలకు తఱిమి అచ్చటనే నిలిపి వేధించును. గుంపులో పంచుకొనబడు కోపమంతయు అప్పుడు ఒక్క చేపమీద పడును. చేప మాఱలేదు, లెక్క మాఱినది. తగవు తీర్చుటకు ఒక చేపను తీసివేయుట అందఱికి తోచు ఉపాయము. తఱచు పనిచేయునది మాత్రము చేపలను పెంచుట, లేదా రాళ్లను, వేళ్లను అడ్డముగా నిలిపి ఒకదాని కంట ఒకటి పడకుండ తొట్టిని గదులుగా చేయుట.

కొన్ని నెలలకు ఆ ఆఱింటిలో రెండు జతగూడును. అవి చదునైన రాతిని ఏరుకొని, నోటితో శుభ్రపఱచి, తమదని చాటును. ఇతర చేపలు దాని చాయలకు వచ్చినచో రెండును కలిసి తఱుమును. నిన్నటివఱకు సాధువైనది నేడు రౌద్రమూర్తి యగును. పెంచువారు ఇక్కడనే తొందఱపడి "ఇది చెడ్డచేప" యని వేఱుచేయుదురు. వేఱు చేయవలసినవి ఆ రెండు కావు, తక్కిన నాలుగు; లేదా ఆ నాలుగింటికి దూరముగా దాగుచోట్లు కల్పింపవలెను.

గ్రుడ్లు సుమారు రెండువందలుండును. ప్రతి గ్రుడ్డును చిన్న తొడిమతో రాతికి అంటియుండును. తల్లి, తండ్రి వంతులు వేసికొని, ఒకటి రెక్కలతో నీరు విసరుచుండ, రెండవది కావలికాయును. విసరుట ఆగినచో గ్రుడ్లకు ఊపిరి చాలదు, బూజు పట్టును. చెడిన గ్రుడ్డును ఏరి తీసివేయుటయు వాని పనియే. పొదిగిన పిల్లలను నోటితో ఎత్తి, ముందే ఇసుకలో త్రవ్వియుంచిన గుంటలోనికి చేర్చును. ఒక గుంటనుండి మఱొక గుంటకు మార్చుటయు కలదు. ఈ దినములలో పెద్దచేపల అడుగుభాగము నలుపెక్కును.

పిల్లలు ఈత నేర్చి గుంపుగా లేచిన దినమునుండి అసలు వింత. అవి ఉండియుండి తల్లిదండ్రుల ప్రక్కలకు చుఱుకుగా వచ్చి తాకి పోవుచుండును. చూచువారికి ఆట యనిపించును. ఆట కాదు, భోజనము. పెద్దచేపల చర్మముమీద ఊఱు జిగురును పిల్లలు కొఱికి తినుచున్నవి. జాక్ వార్డ్, జార్జి బార్లో అను శాస్త్రజ్ఞులు ఈ చర్యను నిశితముగా గమనించి 1967లో ప్రకటించిరి. పాలిచ్చు జంతువులకే సొంతమనుకొను పని, పొలుసుల జీవి తన మేనితో చేయుచున్నది. తల్లియే కాదు, తండ్రియు. పిల్లలకు వేఱు మేత వేసినను ఈ తాకుట మానవు. ప్రమాదము తోచినప్పుడు పెద్దచేప పొట్టక్రింది రెక్కలను గబగబ ఆడించును. పిల్లలు దానిని చూచి దగ్గఱ చేఱును. తరగతిగదిలో ఎవరైన ధభాలున తలుపు వేసినప్పుడు ఆ రెక్కలు ఆడుటను, పిల్లలమేఘము కుంచించుకొనుటను ఒక్కసారి చూచిన బాలుడు ఇంటికి పోయి ఆ సంగతి చెప్పక మానడు.

కరిమీనుతో పళ్ళత్తికి గల సంబంధము ఇంకను చిత్రమైనది. చిన్న పళ్ళత్తులు కరిమీనుల మేనిమీదను, రెక్కలమీదను పట్టిన బూజును, పరాన్నజీవులను ఏరి తినును. పెద్దచేప కదలక నిలిచి ఈ సేవను అంగీకరించును. వైమన్, వార్డ్ 1972లో దీనిని వర్ణించిరి. ఇంతవఱకే వ్రాసి ఊరకున్న పుస్తకములు కొన్ని కలవు. ముచ్చటైన కథ యని కాబోలు. కాని సింహళపు నీళ్లలో వారే గమనించిన రెండవ సంగతియు చెప్పవలెను: అవకాశము దొరకినచో పళ్ళత్తి ఆ కరిమీను గ్రుడ్లను, పిల్లలను తినివేయును. నిన్నటి వైద్యుడే నేటి దొంగ. ఇది కపటమును కాదు, సాధుత్వమును కాదు. దానికి కావలసినది మేత; కరిమీను మేనిమీద అది దొరకినప్పుడు సేవయగును, గూటిలో దొరకినప్పుడు దోపిడి యగును. పళ్ళత్తిని శాంతమైన చేప యని పిల్లలకు పరిచయము చేయు ఉపాధ్యాయుడు ఈ రెండవ సగమును దాచరాదు. దాచినచో, వారు తొట్టిలో దానిని చూచిననాడు పుస్తకమును నమ్మరు.

కరిమీను తొట్టిలో పెంచరాదా యని అడుగవచ్చును. చిన్నప్పుడు పెంచవచ్చును. కాని అది జానెడు దాటి పెరుగును. మూడురెట్ల నీరు, ఎక్కువ ఉప్పు కోరును. ఇంటితొట్టికి అది అతిథి మాత్రమే.

రెండువందల పిల్లలు పెరిగినపిమ్మట ఏమి చేయవలెను? ఇదియే ఎవ్వరును ముందు ఆలోచింపని ప్రశ్న. తొట్టి ఇఱుకగును, చేపలు కసురుకొనును, అమోనియా పెరుగును. అప్పుడు కొందఱు జాలిపడి బకెట్టుతో ఊరిచెఱువులో పోయుదురు. చెఱువులో పోసిన చేప కథ మన దేశమునకు క్రొత్త కాదు. మొజాంబిక్ తిలాపియాను 1952లో ఆహారముకొఱకు మన దేశమునకు తెచ్చిరి. అదియు సిక్లిడే, అదియు పిల్లలను కాచుకొనునదే, నోటిలోనే పెట్టుకొని కాచును. చెఱువులలో వేసినది వాగులకు, వాగులనుండి సరస్సులకు, ఉప్పునీటి కాయలకు ప్రాకెను. నాచుకొఱకు, గూటిచోటుకొఱకు అది స్థానికపు చేపలతో పోటీపడుచున్నది. కరిమీనుకు అది పెద్ద పోటీదారు. తెచ్చినవారు ప్రజలకు చవుకగా మాంసకృత్తులు దొరకవలెననియే తెచ్చిరి. వారును మేలు కోరినవారే. ఒకసారి నీటిలో కలిసిన చేపను తిరిగి ఏరి తీయుట ఎవరి తరమును కాదు. పళ్ళత్తి మన దక్షిణదేశపుదే యైనను, అది లేని చెఱువులో దానిని వేసినచో అక్కడి పరిగెలకు అదియు పరదేశియే. దానితో తొట్టిలోని రోగములును పోవును. బంగారువన్నె వంగడమును పళ్ళత్తులున్న వాగులోనే వదలినచో, అడవిచేపల సంతతిలో తొట్టిసంతతి కలియును.

కనుక జత గూడకమునుపే బడివారు పొరుగుబడులను అడిగి యుంచుకొనవలెను: ఎవరికి తొట్టి యున్నది, ఎవరిది నెలదినములు నడచినది, ఎవరి నీరు ఉప్పన? ఎవ్వరును లేనిచో గ్రుడ్లు పెట్టిన రాతిని తీసివేయుటయే దయ. కఠినముగా తోచును గాని, ఊపిరాడక చచ్చు రెండువందల పిల్లలకంటె అది మేలు. తీసికొనువారు దొరకినచో, పిల్లలు రెండు సెంటీమీటర్లయినపిమ్మట, ఆఱేసి చొప్పున, సగము నీరు సగము గాలి నింపిన సంచులలో, ఉదయపు చల్లని వేళ పంపవలెను. ఆ సంచితో పాటు మఱొక చిన్నసంచిలో ఈ తొట్టి ఫిల్టరునుండి కోసిన పాత స్పంజి ముక్క, తడి ఆఱకుండ. చూచుటకు అది మురికిగా నుండును. అవతలిబడిలో దానిని అందుకొన్న బాలుడు తప్పక కొళాయివైపు నడచును. అతడిని అక్కడ ఆపుటకు ఒకరు ఉండవలెను.